పావు మైలు పంచాయితీ

1964 మార్చి నెల ‘కార్ అండ్ డ్రైవర్’ పత్రిక ముఖచిత్రం మీద రెండు కార్లు పోటాపోటీగా దూసుకొస్తుంటాయి. ఒకటి ఇటలీ ఫెరారీ జీటీఓ, పందేల్లో పేరుమోసిన బండి. రెండోది అమెరికన్ పాంటియాక్ జీటీఓ. మామూలు కుటుంబాలు కొనుక్కునే కారులో పెద్ద ఇంజిన్ దించి, ఫెరారీ పేరునే మొహమాటం లేకుండా తగిలించుకున్న బండి. ఆ ముఖచిత్రం ఫొటో కాదు, బొమ్మ. ఫొటో తీయడానికి అసలు పోటీ జరిగితే కదా! పత్రికవాళ్లకు ఫెరారీ దొరకలేదు. పాంటియాక్‌ను ఒక్కదాన్నే పరుగెత్తించారు. స్టాప్‌వాచీ పట్టి, నిలబడిన చోటి నుంచి గంటకు 60 మైళ్ల వేగం అందుకోవడానికి 4.6 సెకన్లు పట్టిందని రాసుకున్నారు. ఫెరారీకి దీటైన బండి అంటూ తీర్పు కాగితం మీదే ఇచ్చేశారు.

ఆ 4.6 సెకన్ల అంకె చాలాకాలం కుర్రకారు నోళ్లలో నానింది. దశాబ్దాల తర్వాత, అప్పట్లో పాంటియాక్ ప్రచారం చూసిన జిమ్ వాంగర్స్ అసలు సంగతి బయటపెట్టాడు. పరీక్షకు పంపిన కారులో ఉండాల్సింది 389 ఘనపుటంగుళాల ఇంజిన్. బానెట్ కింద ఉన్నది 421.

2023 నవంబర్ 30న టెక్సస్‌లో టెస్లా తన ఎలక్ట్రిక్ సైబర్‌ట్రక్‌ను కొనుగోలుదారులకు అప్పగించే సభలో ఒక వీడియో వేసింది. మూడు టన్నుల స్టీలు బండి, పక్కన పెట్రోలు తాగే పోర్షే 911. ట్రక్కు గెలుస్తుంది. కెమెరా కాస్త పక్కకు తిరిగితే, ఆ ట్రక్కు వెనక ట్రెయిలర్ మీద ఇంకో పోర్షే 911 కనిపిస్తుంది. ఒక 911ను లాక్కుంటూ వెళ్లి మరో 911ను పావు మైలులో ఓడించిందని వేదిక మీది మాట. వీడియోను నిదానంగా చూసినవాళ్లు నేల మీది గుర్తులు లెక్కపెట్టి, అది పావు మైలు కాదు, అందులో సగమని తేల్చారు. తర్వాత ‘మోటార్ ట్రెండ్’ పత్రిక అదే పోటీని పూర్తి పావు మైలు నడిపిస్తే 911 గెలిచింది.

ఈ రెండు కథల మధ్య దాదాపు అరవై ఏళ్లు. ఇంధనం మారింది, బండి రూపం మారింది, కిటుకు మాత్రం ఒక్కటే. బరువైన ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ, తేలికైన పెట్రోలు స్పోర్ట్స్ కారు పక్కపక్కన నిలబడితే ఏది ముందు పోతుందన్న ప్రశ్నకు జవాబు ఇంజిన్‌లోనో మోటారులోనో ఉంటుందనుకుంటాం. సగం జవాబు గీతల్లో ఉంటుంది. ఎక్కడ మొదలుపెట్టారు, ఎక్కడ ఆపారు, గడియారం ఎప్పుడు నొక్కారు? ఈ మూడూ ఎవరి చేతిలో ఉంటే పందెం చాలావరకు వాళ్లదే. ఆ గీతలు ఎవరు, ఎందుకు గీశారో చూడాలంటే ఫ్రాన్స్ నుంచి మొదలుపెట్టాలి.

పారిస్ దగ్గర ఆషేర్ అనే చోట వంకర లేని పొడవైన రోడ్డు ఒకటి ఉండేది. 1898 డిసెంబర్ 18న ‘లా ఫ్రాన్స్ ఆటోమొబీల్’ అనే పత్రిక అక్కడ వేగం పోటీ పెట్టింది. గాస్తోన్ ద షాస్లూ-లోబా అనే కౌంట్, జాంతో కంపెనీ తయారుచేసిన కారులో కిలోమీటరు దూరాన్ని 57 సెకన్లలో దాటాడు. అంటే గంటకు 63 కిలోమీటర్లు. కారు వేగ రికార్డుల చరిత్రలో అదే మొదటి పంక్తి. ఆ కారు నడిచింది బ్యాటరీ మీద.

దాంతో కమీ జెనాట్జీ అనే బెల్జియన్‌కు పౌరుషం వచ్చింది. ఎర్రగడ్డం వల్ల జనం అతన్ని ‘ఎర్ర దయ్యం’ అనేవారు. ఎలక్ట్రిక్ బండ్లు తయారుచేయడం అతని వ్యాపారం కూడా. జనవరిలో సవాలు విసిరి, ఆషేర్‌లోనే 66 దాటాడు. అదే రోజు కౌంట్ 70 దాటించాడు. పది రోజులకు జెనాట్జీ 80. మార్చిలో కౌంట్ 92. ఇక ఏప్రిల్ 29న జెనాట్జీ టార్పెడో ఆకారంలో ఉన్న బండితో వచ్చాడు. అల్యూమినియం మిశ్రమలోహపు ఒళ్లు, రెండు మోటార్లు, మిషెలిన్ గాలి టైర్లు. పేరు ‘లా జమే కోంతాంత్’, ఎప్పటికీ తృప్తి పడనిది అని. గంటకు 105.88 కిలోమీటర్లు. మనిషి కారులో వంద దాటడం అదే మొదలు. ఒళ్లంతా గాలిని చీల్చేలా నున్నగా చేసిన ఆ బండి మీద జెనాట్జీ మాత్రం నడుం పైభాగమంతా గాలికి ఎదురుపెట్టి కూర్చున్నాడు. చూస్తే నవ్వొస్తుంది.

నాలుగున్నర నెలల్లో ఆరు రికార్డులు, ఆరూ బ్యాటరీ బండ్లవే. పెట్రోలు కారు ఆ లెక్కలో ఎక్కడా లేదు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ అంకెలు కొలిచింది పరుగందుకున్న బండి కిలోమీటరు దాటడానికి పట్టే కాలాన్ని. గీత దాకా వచ్చేసరికే బండి ఊపు మీద ఉంటుంది. నిలబడిన చోటి నుంచి ఎంత చురుగ్గా లేస్తుందన్నది అప్పటి రికార్డు పుస్తకానికి ఎక్కలేదు. మోటారుకు పుట్టుకతో వచ్చిన బలం అదే అయినా, దానికి కొలబద్ద లేదు.

అదే ఏడాది మే నెలలో న్యూయార్క్ లెక్సింగ్టన్ అవెన్యూలో సైకిలెక్కిన పోలీసు ఒకడు ఒక టాక్సీని వెంబడించి పట్టుకున్నాడు. నేరం, గంటకు 12 మైళ్ల వేగం. అమెరికాలో కారు వేగం మీద జరిగిన మొట్టమొదటి అరెస్టుగా దాన్నే చెబుతారు. అదీ ఎలక్ట్రిక్ టాక్సీయే.

తర్వాత కథ చాలామందికి తెలిసిందే. టెక్సస్‌లో చమురు పొంగింది, ఫోర్డ్ మోడల్ టీ చవకగా వచ్చింది, ఊళ్ల మధ్య దూరాలు బ్యాటరీకి అందలేదు. అన్నిటికన్నా చమత్కారమైన దెబ్బ 1912లో తగిలింది. అప్పటిదాకా పెట్రోలు కారును ముందు నిలబడి ఇనుప హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేయాలి. హ్యాండిల్ ఎదురు తిరిగితే చెయ్యి విరిగేది. చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన స్టార్టర్ మోటారును కాడిలాక్ ఆ ఏడు కార్లలో బిగించింది. ఎలక్ట్రిక్ కారును వెనక్కి నెట్టిన వాటిలో ఓ చిన్న ఎలక్ట్రిక్ మోటారు కూడా ఉందన్నమాట. ఇక జెనాట్జీ అప్పటికే పెట్రోలు వైపు వెళ్లిపోయి, 1903లో మెర్సిడెస్ మీద గోర్డన్ బెనెట్ పందెం గెలిచాడు. పదేళ్ల తర్వాత వేటకు వెళ్లి, పొదచాటు నుంచి జంతువులా అరిచి మిత్రులను భయపెట్టబోతే, నిజం జంతువే అనుకుని ఒకాయన కాల్చేశాడు.

నిలబడిన చోటి నుంచి పరుగుకు కొలబద్ద కావాలంటే విశాలమైన చదును నేల కావాలి, పనిలేని కుర్రాళ్లు కావాలి, చవకైన ఇంజిన్లు కావాలి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక దక్షిణ కాలిఫోర్నియాలో ఈ మూడూ ఒకచోట కలిశాయి. పాత ఫోర్డ్ వీ8 కార్లు కారుచౌకగా దొరికేవి. సైన్యంలో మెకానిక్ పని నేర్చుకుని వచ్చినవాళ్లు వాటిని విప్పి, బరువు తగ్గించి, బలం పెంచేవారు. ఎండిపోయిన చెరువుల అడుగున మైళ్లకొద్దీ పరుగెత్తించేవారు. ఊళ్లో అయితే సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పచ్చగా మారగానే పందెం. జనం చచ్చేవారు, పోలీసులు తరిమేవారు.

ఆ పందెం ఊరి రోడ్డు నుంచి విమానాల రన్‌వే మీదికి మారింది. 1949లో గొలీటా విమానాశ్రయం దగ్గర ఇద్దరు కుర్రాళ్ల పంతం తీర్చడానికి జరిగిన పందేన్ని పద్ధతిగా నడిచిన మొదటి డ్రాగ్ రేసుగా చాలామంది లెక్కిస్తారు. మరుసటేడు శాంటా ఆనా విమానాశ్రయంలో సి.జె. హార్ట్, అతని మిత్రులు టికెట్టు పెట్టి ఆదివారాల్లో పోటీలు మొదలుపెట్టారు. 1951లో ‘హాట్ రాడ్’ పత్రిక సంపాదకుడు వాలీ పార్క్స్ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే సంఘాన్ని స్థాపించాడు. కుర్రాళ్లను వీధిలోంచి లాగి, కట్టుదిట్టమైన చోట పరుగెత్తించడం దాని ఉద్దేశం.

దూరం పావు మైలు, అంటే 402 మీటర్లు. అదే ఎందుకన్నదానికి ఒక్క జవాబు లేదు. రన్‌వే పొడవులో సగం పరుగుకు, సగం ఆగడానికి వదలాలి కాబట్టి అంతకుమించి కుదరలేదనేది ఒక కారణం. ఆ కొలతకు అమెరికాలో ఇంకా పాత వాసన కూడా ఉంది. వలస కాలంలో వర్జీనియా పల్లె బాటల మీద రెండేసి గుర్రాలను పావు మైలు పరుగెత్తించేవారు. ఆ పరుగుకే పేరుబడ్డ జాతిని ఇవాళ్టికీ క్వార్టర్ హార్స్ అనే పిలుస్తారు.

రెండో కొలబద్ద పత్రికల నుంచి వచ్చింది. 1946 నుంచి ‘మెకానిక్స్ ఇలస్ట్రేటెడ్’లో కార్ల సమీక్షలు రాసిన టామ్ మెకహిల్, సున్నా నుంచి గంటకు 60 మైళ్లకు ఎన్ని సెకన్లన్న పరీక్షను జనంలోకి తెచ్చాడని చెబుతారు. మైళ్ల లెక్క లేని దేశాల్లో అదే సున్నా నుంచి వంద కిలోమీటర్లయింది. మన దగ్గర షోరూముల్లో ‘పికప్ ఎంత’ అని అడిగితే సేల్స్ కుర్రాడు చెప్పే అంకె వంశవృక్షం ఇదే.

ఈ రెండు కొలతలూ పెట్రోలు కారు చుట్టూ అల్లినవి. పైగా దాని బలం చుట్టూ కాదు, బలహీనత చుట్టూ. పెట్రోలు ఇంజిన్ నిలబడి ఉన్నప్పుడు చక్రాలకు ఏమీ ఇవ్వలేదు. అది బతికి ఉండాలంటేనే నిమిషానికి కొన్ని వందల చుట్లు తిరుగుతూ ఉండాలి. దాని అసలు బలం వేలల్లో తిరిగినప్పుడు బయటికొస్తుంది. తిరుగుతున్న ఇంజిన్‌ను తిరగని చక్రంతో కలపడానికి మధ్యలో క్లచ్. క్లచ్ గబుక్కున వదిలితే టైర్లు జారి పొగలు కక్కుతాయి, మెల్లగా వదిలితే ఇంజిన్ గొంతు నొక్కినట్టవుతుంది. ఆ తర్వాత ఒక్కో గేరు మార్చినప్పుడల్లా చక్రాలకు తోపుడు కాసేపు ఆగిపోతుంది. పావు మైలు పందెంలో మొనగాడంటే ఈ అవకరాలన్నిటినీ చేతి నేర్పుతో కప్పిపుచ్చగలిగినవాడు. పందెం చూసేవాళ్లు కారుతోపాటు మనిషినీ చూసేవారు.

ఆ మొనగాళ్లలో ఫ్లోరిడా మనిషి డాన్ గార్లిట్స్ అగ్రగణ్యుడు. 1964 ఆగస్టులో పావు మైలు చివర గంటకు 200 మైళ్లు దాటి, అధికారికంగా ఆ గీత దాటిన మొదటివాడిగా నిలిచాడు. 1970 మార్చిలో లాంగ్ బీచ్‌లోని లయన్స్ ట్రాక్ మీద స్టార్ట్ లైటు పడగానే అతని బండి ట్రాన్స్‌మిషన్ కాళ్ల దగ్గర పేలిపోయింది. బండి రెండు ముక్కలైంది, కుడిపాదంలో కొంత భాగం పోయింది. ఆసుపత్రి మంచం మీద ఆలోచించి, మరుసటేడు ఇంజిన్‌ను డ్రైవరు వెనక్కి మార్చిన బండితో వచ్చాడు. ఆ తరహా డ్రాగ్‌స్టర్లన్నీ ఇవాళ్టికీ అలాగే ఉంటాయి. ఈయన మళ్లీ కనిపిస్తాడు.

గడియారం సంగతి వేరే. మొదట్లో జెండా ఊపేవాడి చెయ్యే స్టార్టు. 1963లో ఎన్‌హెచ్‌ఆర్‌ఏ రంగు లైట్ల స్తంభాన్ని తెచ్చింది. గీత దగ్గర కాంతి కిరణాలుంటాయి. ముందు చక్రం కిరణాన్ని అడ్డుకుని నిలబడుతుంది, చక్రం పక్కకు జరిగి కిరణం మళ్లీ వెలిగినప్పుడే గడియారం తిరగడం మొదలవుతుంది. ఈలోపు బండి సుమారు అడుగు దూరం కదిలిపోయి ఉంటుంది. ఆ అడుగు లెక్కలోకి రాదు. దాన్ని ‘రోలౌట్’ అంటారు. అమెరికన్ పత్రికలు తమ సున్నా నుంచి 60 లెక్కల్లోనూ ఈ అడుగును మినహాయించడం అలవాటు చేసుకున్నాయి. మిగిలేది సెకనులో నాలుగో వంతు దాకా. సున్నా నుంచి అని రాస్తారు, నిజానికి అది సున్నా కాదు. ఐరోపా పత్రికలు సాధారణంగా ఈ వెసులుబాటు ఇవ్వవు. కాబట్టి అమెరికా అంకెను, జర్మన్ అంకెను పక్కపక్కన పెట్టి వాదించుకునేవాళ్లు రెండు వేర్వేరు తక్కెడల తూకాలను పోల్చుతున్నట్టే. 2021లో టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్‌కు 1.99 సెకన్లు అని ప్రకటించినప్పుడు పక్కన చిన్న చుక్క ఉంది, చుక్క కింద ‘రోలౌట్ తీసేసి’ అన్న గమనిక ఉంది.

బరువైన బండి స్పోర్ట్స్ కారును ఓడించడానికి విద్యుత్తు రావాల్సిన అవసరం లేదని 1991లోనే తేలింది. అమెరికన్ కంపెనీ జీఎంసీ సైక్లోన్ అనే ట్రక్కు చేసింది. వెనక తొట్టి ఉంటుంది గాని సరుకు వేయడానికి పెద్దగా పనికిరాదు. టర్బో బిగించిన వీ6 ఇంజిన్, 280 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ బలం. మళ్లీ ‘కార్ అండ్ డ్రైవర్’ పత్రికే, ఈసారి నిజంగానే ఫెరారీ 348ను తెచ్చి పక్కన నిలబెట్టింది. పావు మైలులో ట్రక్కు గెలిచింది. ధరలో అది ఫెరారీకి నాలుగో వంతు కూడా లేదు. మరుసటేడు అదే ఇంజిన్‌తో టైఫూన్ అనే ఎస్‌యూవీ వచ్చింది. కిటుకు నాలుగు చక్రాల పట్టులో ఉంది. ఫెరారీ వెనక టైర్లు రెండూ పట్టు కోసం తంటాలు పడుతుంటే, ట్రక్కు నాలుగు కాళ్లతో నేలను తన్నింది. కొలత పావు మైలు కాక మైలు అయి ఉంటే గరిష్ఠ వేగంలో చాలా ముందున్న ఫెరారీదే ఆట.

  

విద్యుత్తు మళ్లీ డ్రాగ్ స్ట్రిప్ ఎక్కింది పెద్ద కంపెనీల వల్ల కాదు, షెడ్లలో పనిచేసే పట్టుదల మనుషుల వల్ల. కాలిఫోర్నియాలో ఏసీ ప్రొపల్షన్ అనే చిన్న సంస్థ పెట్టిన అలన్ కొకోనీ, 1997లో టీజీరో అనే రెండు సీట్ల కారు చేశాడు. నిండా లెడ్ యాసిడ్ బ్యాటరీలు. అయినా సున్నా నుంచి 60 మైళ్లకు నాలుగు సెకన్ల పైచిలుకే. మార్టిన్ ఎబర్‌హార్డ్ అనే ఇంజినీరు దాన్ని చూసి ముచ్చటపడి, లాప్‌టాప్‌లలో వాడే లిథియం సెల్స్ పెట్టమని పోరాడు. 2003లో ఆరువేల ఎనిమిది వందల చిన్న సెల్స్‌తో అదే కారు 3.6 సెకన్లకు దిగింది. దీన్నే అమ్మకానికి తయారుచేయమని అడిగితే కొకోనీ బృందం ఆసక్తి చూపలేదు. ఎబర్‌హార్డ్ మిత్రుడు మార్క్ టార్పెనింగ్‌తో కలిసి సొంత కంపెనీ పెట్టుకున్నాడు. దానికి టెస్లా అని పేరు పెట్టారు. మరుసటేడు ఇలాన్ మస్క్ డబ్బుతో వచ్చి చేరాడు.

ఇంతలో ఓరెగన్ రాష్ట్రంలో జాన్ వేలండ్ అనే ఆయన 1972 నాటి డాట్సన్ 1200ను గుల్ల చేసి, గోదాముల్లో బరువులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ తరహా మోటార్లు బిగించాడు. పేరు ‘వైట్ జాంబీ’. కూరగాయలకు వెళ్లే కారులా కనిపించే ఆ తెల్ల డబ్బా, గుర్రుగుర్రుమనే కార్వెట్‌ను చప్పుడు చేయకుండా దాటేసిన దృశ్యాలు చూస్తే ఎవరికైనా నవ్వాగదు. 2010 నాటికి అది పావు మైలును పది సెకన్ల పైచిలుకులో దాటింది.

మోటారు గెలుపుకు కారణం తెలిస్తే ఆశ్చర్యం పోతుంది. పల్నాడులోనో ప్రకాశంలోనో బండలాగుడు పోటీ చూసినవాళ్లకు ఒంగోలు ఎద్దు మొదటి అడుగులోనే బలమంతా పెట్టడం తెలుసు. ఎలక్ట్రిక్ మోటారుది అదే గుణం. సున్నా చుట్ల దగ్గరే పూర్తి తిప్పుడు బలం ఇస్తుంది. క్లచ్ లేదు, గేరు మార్పు లేదు, మధ్యలో తోపుడు ఆగడం లేదు. చక్రం జారడం మొదలవగానే కంప్యూటర్ సెకనులో వెయ్యో వంతుల లెక్కన బలాన్ని సర్దుతుంది. మనిషి చేయాల్సిందల్లా పెడల్ మీద కాలేయడం.

మరి బరువు? ఇక్కడే చాలామంది పొరబడతారు. టైరుకు నేల మీద ఉండే పట్టు బండి బరువును బట్టి ఉంటుంది. బండి రెట్టింపు బరువుంటే దాన్ని కదిలించడం రెట్టింపు కష్టం, పట్టు కూడా ఇంచుమించు రెట్టింపు. రెండూ కొట్టుకుపోతాయి. నాలుగు చక్రాలూ తమ పట్టునంతా వాడుకుని, భూమ్యాకర్షణ త్వరణానికి సమానంగా తోస్తే, ఏ బండి అయినా సున్నా నుంచి వంద కిలోమీటర్లకు 2.83 సెకన్లు తీసుకుంటుంది. టన్నున్నర కారైనా అంతే, రెండున్నర టన్నుల ఎస్‌యూవీ అయినా అంతే. తేడా అల్లా దానికి కావాల్సిన శక్తిలో ఉంది. వంద దగ్గర ఆ తోపుడు నిలపడానికి టన్నున్నర కారుకు సుమారు 409 కిలోవాట్లు కావాలి. ఎస్‌యూవీకి 681. పెట్రోలు ఇంజిన్ నుంచి అంత శక్తి తీయాలంటే ఇల్లు అమ్ముకోవాలి. పెద్ద బ్యాటరీకి కొద్ది సెకన్లపాటు అంత కుమ్మరించడం పెద్ద కష్టం కాదు. ఎస్‌యూవీ అడుగున మందంగా పరిచిన బ్యాటరీ బరువే దాని శక్తికి మూలం.

2015 సెప్టెంబర్‌లో టెస్లా మోడల్ ఎక్స్ అమ్మకాలు మొదలయ్యాయి. పక్షి రెక్కల్లా పైకి లేచే తలుపులు, పిల్లాజెల్లాతో కూర్చోవడానికి ఏడు సీట్లు. వేగంగా నడిపే సెట్టింగ్‌కు కంపెనీ పెట్టిన పేరు ‘లూడిక్రస్’. స్పేస్‌బాల్స్ అనే 1987 నాటి హాస్య చిత్రంలోంచి తీసుకున్న పేరది. ‘మోటార్ ట్రెండ్’ వాళ్లు దాన్ని ఆల్ఫా రోమియో 4సీ మీద పోటీకి దించారు. 4సీ అంటే కార్బన్ ఫైబర్ చట్రం ఉన్న, టన్ను పైచిలుకు మాత్రమే తూగే ఇటలీ స్పోర్ట్స్ కారు. మోడల్ ఎక్స్ వెనక ట్రెయిలర్ కట్టి, దాని మీద మరో 4సీని ఎక్కించారు. అయినా ఎస్‌యూవీయే ముందు వెళ్లింది. 2023 నాటి సైబర్‌ట్రక్ ప్రదర్శనకు మూలం ఈ పోటీలోనే కనబడుతుంది. కాకపోతే ఇక్కడ పోటీ పెట్టింది పత్రిక, అక్కడ అమ్ముకునేవాడు.

కంపెనీ కాగితం మీద పెట్టని సంగతులు కొన్నుంటాయి. ఆ మెరుపు పరుగుకు ముందు బ్యాటరీని తగిన వేడికి తెచ్చుకోవాలి. కొన్ని మోడళ్లలో అందుకు చాలా నిమిషాలే పడుతుంది. వరసగా నాలుగైదు పరుగులు తీస్తే వేడెక్కి బలం తగ్గుతుంది. వేగం పెరిగేకొద్దీ మోటారులో ఎదురు వోల్టేజీ పెరుగుతుంది, ఒక్క గేరే ఉన్న బండి 150, 200 కిలోమీటర్ల దగ్గర మొదటి ఊపు చూపించలేదు. అందుకే పోర్షే తన ఎలక్ట్రిక్ టైకాన్‌కు 2019లో వెనక ఇరుసు మీద రెండు గేర్లు పెట్టింది. ఇక మలుపు వచ్చిందా, రెండున్నర టన్నులు తమ సంగతి తాము చెబుతాయి. పక్కకు లాగే టైర్లకు, ఆపే బ్రేకులకు ఆ బరువు శిక్ష. సగం పావు మైలు దగ్గర గీత గీసినవాడికి ఇవన్నీ తెలుసు.

డాన్ గార్లిట్స్‌కు ఈ విద్య వయసు మీద పడ్డాక పట్టుకుంది. 2014లో ఎనభై రెండేళ్ల వయసులో బ్యాటరీ డ్రాగ్‌స్టర్ ఎక్కి గంటకు 184 మైళ్లు తాకాడు. 2019లో 189. పెట్రోలు కాలంలో తను మొదట దాటిన 200 గీతను విద్యుత్తుతోనూ తనే మొదట దాటాలని కోరిక. అది 2020లో స్టీవ్ హఫ్ అనే మరో రేసర్‌కు దక్కింది, ఆరిజోనాలో. ఇక్కడ పెట్రోలు పక్షాన ఒక మాట చెప్పాలి. నైట్రోమీథేన్ తాగే టాప్ ఫ్యూయల్ డ్రాగ్‌స్టర్లు ఇవాళ గంటకు 330 మైళ్లు దాటుతాయి. ఏ బ్యాటరీ బండీ వాటి దరిదాపుల్లో లేదు. అవి పరుగెత్తేది మాత్రం పావు మైలు కాదు. 2008లో స్కాట్ కలిట్టా ప్రమాదంలో మరణించాక, ఆగడానికి చోటు చాలడం లేదని ఎన్‌హెచ్‌ఆర్‌ఏ ఆ వర్గానికి దూరాన్ని 1,000 అడుగులకు కుదించింది. పావు మైలు పంచాయితీకి పుట్టిల్లయిన చోటే పావు మైలు పోయింది.

యుద్ధం వదిలిపెట్టిన రన్‌వే మీద పందేలు మన పక్కనా జరిగాయి. మద్రాసు నుంచి నెల్లూరు వచ్చే దారిలో రెడ్‌హిల్స్ దాటాక ఉండే షోలవరం పాత విమానాల స్థలంలో కొన్ని దశాబ్దాలు కార్లు, మోటార్‌సైకిళ్లు పరుగెత్తాయి. హైదరాబాద్ వంతు మాత్రం నేరుగా విద్యుత్తుతో వచ్చింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున, ఎన్టీఆర్ మార్గ్ మీద 2.83 కిలోమీటర్ల వీధి ట్రాక్ కట్టి ఫార్ములా ఈ పందెం నడిపారు. ఫ్రెంచివాడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఊళ్ల నడుమ పొట్టి రోడ్లు, గబుక్కున ఆగి గబుక్కున లేవాల్సిన మలుపులు. ఎలక్ట్రిక్ కార్లకు ఇలాంటి చోట్లే ఎంచడంలో చప్పుడు తక్కువన్న సౌకర్యం ఎంతుందో, మోటారు బలం మెరిసే కొలతను ఎంచుకోవడమూ అంతే ఉంది. ట్రాఫిక్ కష్టాలు, రాజకీయాల సంగతులెలా ఉన్నా, మరుసటేడు జరగాల్సిన పందెం రద్దయింది.

మన ఇళ్ల ముందుకు ఈ లెక్క మెల్లగా వచ్చేసింది. 2025లో వచ్చిన టాటా హారియర్ ఈవీలో నాలుగు చక్రాల తోపుడున్న మోడల్ వందకు 6.3 సెకన్లని కంపెనీ లెక్క. 1964లో పోర్షే మొదటి 911ను అమ్మడం మొదలుపెట్టినప్పుడు అదే పరుగుకు తొమ్మిది సెకన్లు పట్టేది. బ్యాంకు లోను మీద కొన్న కుటుంబ బండి, సామాన్లు నింపుకుని తిరుపతి వెళ్తూ, ఒకనాటి స్పోర్ట్స్ కారును సిగ్నల్ దగ్గర వదిలేసి పోగలదన్నమాట. పోవాల్సిన అవసరం మాత్రం ఎవరికీ లేదు. మన రోడ్ల మీద పచ్చలైటు పడ్డాక ముందున్న ఆటో కదిలేదాకా ఆగాల్సిందే.

అంకెల పందెంలో విద్యుత్తు ఇంత సులభంగా గెలిచాక ఒక వింత జరిగింది. క్రొయేషియాలో పాత బీఎండబ్ల్యూ ఇంజిన్ కాలిపోతే దాన్ని ఎలక్ట్రిక్‌గా మార్చడంతో మొదలైన మేట్ రిమాక్, తన నెవెరా కారుతో 2023లో వందకు 1.81 సెకన్లు నమోదు చేశాడు. అదే మనిషి ఇప్పుడు బుగాటీని కూడా నడుపుతున్నాడు. 2024లో బుగాటీ కొత్త కారు టూర్బియోన్‌ను బయటపెట్టినప్పుడు, దానికి పదహారు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్ పెట్టాడు, మూడు మోటార్లను తోడిచ్చాడు. కోట్లు పోసేవాళ్లకు ఎలక్ట్రిక్ సూపర్ కార్ల మీద మోజు తగ్గిందని బాహాటంగానే చెప్పాడు. గీత దగ్గర నిలబెట్టి గెలిచే యంత్రం దొరికాక, గెలవడం ఒక్కటే కొనుగోలుకు కారణం కాకుండా పోయింది.

కొరియా హ్యుందాయ్ ఈ సంగతిని ఇంకో వైపు నుంచి పట్టుకుంది. 2023లో వచ్చిన ఐయోనిక్ 5 ఎన్ పూర్తి ఎలక్ట్రిక్ బండి, బూస్ట్ నొక్కితే 650 హార్స్‌పవర్, వందకు 3.4 సెకన్లు. అందులో గేర్లు లేవు. స్టీరింగ్ వెనక మీటలు మాత్రం ఉన్నాయి. ఆ సెట్టింగ్ పెట్టుకుని మీట లాగితే, లేని ఎనిమిది గేర్లలో ఒకటి మారినట్టు మోటారు తన తోపుడును క్షణంపాటు కావాలని తగ్గిస్తుంది, స్పీకర్లు ఇంజిన్ అరుపును వినిపిస్తాయి, లేని ఇంజిన్ చుట్లను సూది చూపిస్తుంది. గేరు మార్చకుండా వదిలేస్తే సూది ఎర్రగీత దగ్గర కొట్టుకుంటూ, బండి ముందుకు లేవనంటుంది.